ఉబ్బిన కెపాసిటర్లు మార్చినా టీవీ మళ్లీ మొరాయిస్తే

పలాస నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఇంట్లో 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ, కొని ఏడేళ్లు దాటింది. కొంతకాలంగా స్విచ్ వేయగానే రావడం లేదు. ఎర్ర దీపం మినుకుమినుకుమంటుంది, లోపల టిక్ టిక్ అని సన్నటి చప్పుడు, పావుగంటకో ఇరవై నిమిషాలకో బొమ్మ వస్తుంది. ఒకసారి వచ్చిందంటే రాత్రి దాకా బాగానే ఆడుతుంది. వెనుక మూత తీసి చూస్తే పవర్ బోర్డు మీద 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్లు (చార్జిని నిలువ చేసే చిన్న డబ్బాలు) రెండు ఉబ్బి ఉన్నాయి. ప్లగ్గు వైపు పెద్ద కెపాసిటరు బాగానే ఉంది. బజారులో కొత్తవి తెచ్చి వేశారు. మూడు వారాలు ఆడింది. మళ్లీ అదే జబ్బు. బోర్డు మార్చాలా, పాత టీవీలోంచి తీసిన బోర్డు కొనవచ్చా, లేక టీవీనే వదిలేసుకోవాలా అని అడిగారు.

బోర్డు మార్చవద్దు, టీవీ అసలే వదిలేయవద్దు. మీరు చెప్పిన లక్షణాల్లోనే జవాబు ఉంది. చల్లగా ఉన్నప్పుడు లేవదు, లేచాక ఆగదు. ఇది ఆ ఉబ్బిన రెండింటి జబ్బు కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇవతలి వైపున, అంటే ప్లగ్గు ఉన్న వైపున, పైకి ఏ లోపమూ కనబడకుండా ఉన్న మరో చిన్న కెపాసిటరు జబ్బు. శ్రీకాకుళంలో మరమ్మతు బల్ల ముందు చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. ఇలా సగం బాగుపడి తిరిగి వచ్చే టీవీలకు లెక్క లేదు. ఉబ్బు కంటికి కనిపిస్తుంది కాబట్టి దోషమంతా అక్కడే ఉందనుకుని అది మార్చి మూత బిగించేస్తారు. ఉబ్బని కెపాసిటరును ఎవరూ అనుమానించరు. నా మాటగా ఒక్కటి గుర్తుంచుకోండి: బోర్డు తెరిచినప్పుడు ఉబ్బినవాటిని ఎలాగూ మారుస్తారు, మీ పరీక్ష మాత్రం ఉబ్బనివాటి మీద జరగాలి.

ఎందుకో వివరంగా చెబుతాను. పవర్ బోర్డును రెండు భాగాలుగా చూడండి. ప్లగ్గు వైపు భాగంలో 230 వోల్టుల ఏసీని నాలుగు డయోడ్లు డీసీగా మారుస్తాయి. 400 లేదా 450 వోల్టుల పెద్ద కెపాసిటరు ఆ డీసీని నిలబెడుతుంది. అక్కడ సుమారు 325 వోల్టులు ఉంటాయి. దాన్ని మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు సెకనుకు పదుల వేల సార్లు తెంచి కలుపుతూ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. అవతలి భాగంలో అది 12 వోల్టులుగా బయటికి వస్తుంది. మీరు మార్చిన రెండూ ఆ అవతలి భాగంలోవి. మాస్‌ఫెట్‌ను నడిపే ఐసీ (చిప్పు) మాత్రం ఇవతలి భాగంలో ఉంటుంది. ఆ ఐసీ పక్కనే 22 లేదా 47 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటరు ఒకటి, చిటికెన వేలి గోరంత లావుది, నిలబడి ఉంటుంది. మన కథ దానిదే.

స్విచ్ వేయగానే పెద్ద నిరోధాల గుండా ఈ చిన్న కెపాసిటరు మెల్లగా నిండుతుంది. వోల్టేజి 15, 16 దాకా ఎక్కగానే ఐసీ మేల్కొని పని మొదలుపెడుతుంది. ఇక నుంచి దానికి కావలసిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోని మరో చుట్ట నుంచి రావాలి. ఆ చుట్ట అందుకునేలోపు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఐసీ ఈ చిన్న కెపాసిటరులో దాచిన దాని మీదే బతకాలి. ఎండిన బోరింగులో ముందు చెంబుడు నీళ్లు పోసి కొడితేనే పంపు నీళ్లు అందుకుంటుంది కదా, ఈ కెపాసిటరు ఆ చెంబు. అది చిల్లిపడితే పంపు ఎంత కొట్టినా నీరు ఎక్కదు. వోల్టేజి తొమ్మిదో పదో దగ్గరికి పడిపోగానే ఐసీ ఆగిపోతుంది, కెపాసిటరు మళ్లీ నిండుతుంది, ఐసీ మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. మీరు విన్న టిక్ టిక్ అదే, ఎర్ర దీపం మినుకుమినుకు అదే.

మరి పావుగంటకు ఎలా లేస్తోంది? ఈ కెపాసిటరు లోపల అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో నానిన కాగితం చుట్టగా ఉంటాయి. అడుగున రబ్బరు బిరడా. ఏళ్ల తరబడి వేడికి ఆ ద్రవం బిరడా సందుల్లోంచి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. ద్రవం తగ్గితే రెండు నష్టాలు. నిలువ సామర్థ్యం తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. మరమ్మతు భాషలో ఈ లోపలి నిరోధాన్నే ఈఎస్‌ఆర్ అంటాం. మిగిలిన కాస్త ద్రవం వెచ్చబడితే ఈఎస్‌ఆర్ తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. పావుగంట టిక్ టిక్‌మన్నాక బోర్డు కాస్త వేడెక్కి, ఆ వెచ్చదనంతో ఒక్కసారి గట్టెక్కుతోంది. మార్గశిరం, పుష్యం చలిలో ఇలాంటి టీవీలు నా బల్ల మీదికి ఎక్కువ వస్తాయి. అవే టీవీలు వైశాఖంలో ఏ పేచీ లేకుండా లేస్తాయి, ఇంట్లో వాళ్లు దానంతట అదే బాగైందని అనుకుంటారు.

అది ఎందుకు ఉబ్బలేదని అడుగుతారు. పెద్ద డబ్బాల నెత్తిన కత్తిగాటులా గీతలు ఉంటాయి, లోపల వాయువు పుడితే అక్కడ ఉబ్బి పగులుతుంది. ఇంత చిన్నవాటిలో చాలావాటికి ఆ గాటు ఉండదు. పైగా వీటిలో జరిగేది వాయువు పుట్టడం కంటే చడీచప్పుడు లేకుండా ఎండిపోవడమే. బోర్డు గీసినవాళ్లు కూడా దీన్ని ఐసీకి దగ్గరగా ఉండాలని మాస్‌ఫెట్ వేడి రేకు పక్కనో, వేడెక్కే నిరోధాల పక్కనో పెడతారు. టీవీ ఆడినన్ని గంటలూ అది ఆ వేడిలోనే మగ్గుతుంది.

మూడు వారాలు ఎలా ఆడిందన్నది కూడా ఇప్పుడు అర్థమవుతుంది. అవతలి వైపు రెండు కొత్తవి పడేసరికి 12 వోల్టులు తొందరగా నిలబడ్డాయి, ఇవతలి చుట్ట కాస్త ముందుగా అందుకుంది, చిల్లి చెంబు ఎలాగో సరిపోయింది. అది ఇంకొంచెం ఎండేసరికి మళ్లీ మొదటికి వచ్చింది.

బోర్డు మీద చేయి వేసే ముందు ఒక మాట. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ప్లగ్గు తీసేశాం కదా అని పెద్ద కెపాసిటరు ఖాళీ అయిపోదు. బాగా ఆడుతున్న టీవీలో అయితే ప్లగ్గు తీసిన కాసేపటికి బోర్డే ఆ చార్జిని వాడేసుకుంటుంది. లేవని టీవీలో వాడుకునేవాడే లేడు. అందుకే పాడైన టీవీయే ఎక్కువ ప్రమాదం, ప్లగ్గు తీసిన చాలాసేపటికి కూడా 300 వోల్టులు అలాగే కూర్చుని ఉండవచ్చు. 100 మైక్రోఫారడ్ కెపాసిటరులో 325 వోల్టుల దగ్గర అయిదు జౌల్స్ పైచిలుకు శక్తి ఉంటుంది. ఇంట్లో ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్చు) ఉన్నా దీని నుంచి కాపాడలేదు, ఎందుకంటే ఇది గోడ నుంచి వచ్చే కరెంటు కాదు.

స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్‌మనిపించే అలవాటు చాలామందికి ఉంది. అలా చేయవద్దు. కెపాసిటరు కాళ్లు కాలిపోతాయి, బోర్డు మీద రాగి గీత లేచిపోతుంది, నిప్పురవ్వ కంట్లో పడవచ్చు. 2.2 కిలో ఓములు, 10 వాట్ల తెల్లటి సిమెంటు నిరోధం ఒకటి కొనండి, రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న తీగలు అతకండి. ఆ తీగల కొసలను కెపాసిటరు రెండు కాళ్లకు అయిదారు సెకన్లు ఆనించి ఉంచండి. 100 మైక్రోఫారడ్‌కు నిజానికి సెకను చాలు, మనం నిదానంగానే చేద్దాం. నిరోధం దొరక్కపోతే హోల్డరులో పెట్టిన 230 వోల్టుల పాత ఫిలమెంట్ బల్బు కూడా ఆ పని చేస్తుంది. తర్వాత మల్టీమీటరును డీసీ 600 లేదా 1000 వోల్టుల రేంజిలో పెట్టి కొలవండి. అయిదు వోల్టుల లోపు చూపిస్తేనే చేయి పెట్టండి. కొలిచేటప్పుడు ఒక చేయి జేబులోనో వెనుకో ఉంచుకోండి. వానాకాలంలో మన నేలలు చెమ్మగా ఉంటాయి, కాళ్లకు రబ్బరు చెప్పులు, కింద చెక్క పీట తప్పనిసరి.

అసలు దోషిని పట్టుకునే పరీక్షకు మీటరు కూడా అక్కరలేదు. టీవీ కనీసం రాత్రంతా ఆగి ఉండాలి. ఉదయాన్నే, ప్లగ్గు తీసి, పైన చెప్పినట్టు ఖాళీ చేశాక, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో ఐసీ పక్కనున్న చిన్న కెపాసిటరు మీదికి జానెడు దూరం నుంచి ఒకటి రెండు నిమిషాలు వేడి గాలి కొట్టండి. చుట్టూ ఉన్నవాటికి తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టండి. తర్వాత వెనక్కి జరిగి ప్లగ్గు పెట్టండి, బోర్డును ముట్టుకోవద్దు. రోజూ పావుగంట సతాయించే టీవీ ఒక్క దెబ్బకు లేచిందంటే దొంగ దొరికినట్టే. ఇంతకంటే నమ్మకమైన సాక్ష్యం నాకు తెలియదు. ఖరీదైన మీటర్లు ఉన్నా ఈ పరీక్ష ఇప్పటికీ చేస్తాను.

మీటరు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. మామూలు మల్టీమీటరులోని కెపాసిటరు రేంజి నిలువ సామర్థ్యం మాత్రమే చూపిస్తుంది. 1000 మైక్రోఫారడ్ రాసినది 930 చూపిస్తే బాగుందని వదిలేస్తారు. దాని ఈఎస్‌ఆర్ ఓమ్ దాటి ఉండవచ్చు, అప్పుడు అది బోర్డులో ఉన్నా లేనట్టే. తక్కువ ధరకు దొరికే ట్రాన్సిస్టర్ టెస్టర్లు ఈఎస్‌ఆర్‌ను కూడా చూపిస్తాయి, ఇంటి పనికి అవి చాలు. అయితే కెపాసిటరును పూర్తిగా ఖాళీ చేయకుండా అందులో పెడితే టెస్టరే పోతుంది. 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల మంచి లో ఈఎస్‌ఆర్ (తక్కువ ఈఎస్‌ఆర్) రకానికి ఓములో పదో వంతు కంటే తక్కువ రావాలి. 22 మైక్రోఫారడ్, 50 వోల్టుల దానికి ఓమ్ చుట్టుపక్కల ఉంటే సరే, పది దాటితే పారేయడమే. రెండు కెపాసిటర్లు జంటగా ఒకే లైను మీద ఉంటే బోర్డు మీదే కొలవడం వల్ల లాభం లేదు. బాగున్నది చెడ్డదాన్ని కప్పేస్తుంది. కనీసం ఒక కాలు లేపి కొలవాలి.

ఇక కొనడం. మీరు తెచ్చిన రెండింటి తొడుగు మీద చూడండి, 85 డిగ్రీలు అని ఉంటే వాటినీ తీసేయండి. దుకాణంలో ‘1000 బై 25’ అని అడిగితే చేతికి అందినది ఇస్తారు, తప్పు వారిది కాదు, మనం పూర్తిగా అడగలేదు. 105 డిగ్రీలు, లో ఈఎస్‌ఆర్ అని విడమర్చి అడగండి. 85, 105 అన్నవి ఆ వేడి దగ్గర ఇన్ని గంటలు నిలుస్తుందన్న హామీ. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుంది. రెండు రకాలకూ 2000 గంటల హామీ ఉందనుకుందాం. టీవీ లోపల ఆ చోట 65 డిగ్రీల వేడి ఉంటే 85 డిగ్రీల రకానికి 8,000 గంటలు, 105 డిగ్రీల రకానికి 32,000 గంటలు వస్తాయి. రోజుకు ఆరు గంటలు ఆడే ఇంట్లో మొదటిది నాలుగేళ్లు నిండకుండానే పోతుంది, రెండోది పద్నాలుగేళ్లు దాటుతుంది. పవర్ బోర్డులో పారే రిపుల్ కరెంటు (ఎగుడుదిగుడుగా వచ్చిపోయే కరెంటు) కెపాసిటరును లోపలి నుంచి కూడా వేడి చేస్తుంది కాబట్టి నిజం లెక్క ఇంతకంటే తక్కువే ఉంటుంది. తేడా మాత్రం అలాగే ఉంటుంది. ఇంత తేడాకు దుకాణంలో పడే ఖర్చు కొద్ది రూపాయలే.

జపాన్ కంపెనీల్లో రూబికాన్, నిచికాన్, పానసోనిక్, నిప్పాన్ కెమికాన్‌ల లో ఈఎస్‌ఆర్ సిరీస్‌లు నమ్మదగినవి. మన దేశంలో కేరళ ప్రభుత్వ సంస్థ కెల్ట్రాన్ కన్నూరులో అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు తయారు చేస్తోంది. పాత ఆంప్లిఫయర్ల విద్యుత్ సరఫరాలో హమ్మింగు పోగొట్టడానికి వాటినే వేస్తాను. పేరున్న కంపెనీ తొడుగు వేసిన నకిలీలు బజారులో ఉన్నాయి. పెద్ద డబ్బా లోపల చిన్న కెపాసిటరును దాచి అమ్ముతారు. చేతిలో పెట్టుకుంటే మరీ తేలికగా అనిపించినవి, తొడుగు ముడతపడి అచ్చు వంకరగా ఉన్నవి, కాళ్లు మెరుపు పోయి నల్లబడినవి తీసుకోవద్దు. ఏవైనా సరే, అతకక ముందు టెస్టరులో చూసుకోండి. మీ దగ్గర సరైనవి దొరక్కపోతే విశాఖపట్నం వెళ్లేవారితో తెప్పించుకోండి, లేదా పేరున్న ఎలక్ట్రానిక్ విడిభాగాల సంస్థ వెబ్‌సైటులో ఆర్డరు పెట్టండి. తొందరపడి ఏదో ఒకటి వేస్తే మళ్లీ మూడు వారాల కథే.

విలువల సంగతి తేలికే. వోల్టేజి అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి, ఎన్నడూ తక్కువ కాదు. మైక్రోఫారడ్లు అంతే వేయండి. ఒక మెట్టు పైకి, అంటే 1000 బదులు 1200, వెళ్లినా ఇబ్బంది లేదు. పెద్దది పెడితే మేలనుకుని 4700 వేస్తే స్విచ్ వేసిన క్షణంలో అది లాగే కరెంటుకు బోర్డులోని రక్షణ పడిపోయి టీవీ అసలే లేవదు. ఎత్తు కూడా చూసుకోండి, టీవీ వెనుక మూత నొక్కేంత పొడవుది వద్దు.

అతికే పనికి వస్తే, ముందుగా ఫోనుతో బోర్డుకు రెండు వైపులా స్పష్టంగా ఫోటోలు తీయండి. కెపాసిటరు తొడుగు మీద చారలున్న వైపు నెగెటివ్. బోర్డు మీద గుండ్రటి గుర్తులో సగం నింపి ఉంటుంది. ఎక్కువ బోర్డుల్లో నింపిన సగం నెగెటివ్, కొన్ని బోర్డుల్లో తలకిందులు. అందుకే అచ్చును కాదు, తీసేసిన పాత కెపాసిటరు ఎలా ఉందో దాన్ని నమ్మండి. తిరగేసి పెడితే ఆ డబ్బా ముఖం మీదే పేలుతుంది.

ఈ బోర్డులకు ఎక్కువగా సీసం లేని సోల్డరు వాడతారు. అది 217 డిగ్రీల పైన గాని కరగదు. 25 వాట్ల చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో గంటసేపు రుద్దితే రాగి గీత ఊడి వస్తుందే తప్ప కాలు రాదు. 60 వాట్ల ఐరన్ తీసుకోండి. పాత అతుకు మీద కొంచెం ఫ్లక్స్ పేస్టు రాసి, తగరం, సీసం కలిసిన 60/40 సోల్డరు కొత్తగా కలపండి. రెండూ కలిసి తక్కువ వేడికే కరుగుతాయి. అప్పుడు సోల్డరు పీల్చే పంపుతో లాగితే రంధ్రం శుభ్రంగా తెరుచుకుంటుంది. నేల (గ్రౌండ్) వైపు కాలు వెడల్పాటి రాగికి అతికి ఉంటుంది, ఆ రాగి వేడినంతా తాగేస్తుంది కాబట్టి అక్కడ ఓపిక పట్టండి. కెపాసిటరును అటూ ఇటూ ఊపి పీకవద్దు, రంధ్రం లోపలి పూత ఊడి వస్తే ఆ బోర్డుకు మళ్లీ తీగలతో వంతెన కట్టాల్సి వస్తుంది.

పాత కెపాసిటరు తీశాక దాని కింద చూడండి. డబ్బాలు కదలకుండా ఫ్యాక్టరీలో పూసిన లేత పసుపు జిగురు వేడికి ముదిరి గోధుమరంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. ఆ స్థితిలో అది కరెంటును కొద్దికొద్దిగా ప్రవహింపజేస్తుంది, పక్కనున్న డయోడు కాళ్లను, నిరోధాల కాళ్లను తినేస్తుంది. కెపాసిటర్లన్నీ కొత్తవి వేసినా లేవని బోర్డు ఒకదాన్ని ఈ జిగురు గీకాక లేవడం చూశాను. వెదురు పుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత టూత్‌బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరనివ్వండి. సోంపేట, కళింగపట్నం, భావనపాడు వంటి తీరపు ఊళ్ల నుంచి వచ్చే బోర్డుల మీద ఉప్పు గాలికి తెల్లటి పొర కడుతుంది, దానికీ ఇదే వైద్యం. బల్లి ఎండి అతుక్కుపోయిన బోర్డులు కూడా తక్కువేమీ కాదు. కాలిన చోట బోర్డు నల్లబడి ఉంటే ఆ నలుపును పూర్తిగా గీకేయాలి, ఆ బొగ్గు గుండా కరెంటు దారి చేసుకుంటుంది.

ప్లగ్గు వైపు పెద్ద కెపాసిటరు మీది బాగానే ఉందన్నారు. అయినా మీ ప్రాంతం కాబట్టి దాని గురించి చెప్పకుండా ఉండలేను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు తిరిగి వచ్చిన తర్వాత నా బల్ల మీదికి వచ్చిన టీవీల్లో ఈ పెద్ద కెపాసిటర్లే నెత్తి పగిలి, లోపలి కాగితం బయటికి వచ్చి ఉన్నాయి. న్యూట్రల్ తీగ తెగినా, వదులైనా ఒక ఇంటి మీద తక్కువ, పక్కింటి మీద 300కు పైన వోల్టులు పడవచ్చు. లెక్క చూడండి: గోడలో 270 వోల్టులు వస్తే లోపల 380 అవుతుంది. 400 వోల్టుల కెపాసిటరుకు అది గండం అంచు. ఊరి చివర, ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, వోల్టేజి ఎగుడుదిగుళ్ల మధ్య ఉండే ఇల్లయితే, జాగా సరిపోయినప్పుడు నేను 450 వోల్టులదే వేస్తాను. ఈ పెద్దది ఉబ్బి ఉంటే మాత్రం అది ఒక్కటే మార్చి ప్లగ్గు పెట్టవద్దు. ఫ్యూజు, దాని పక్కనున్న ఎంఓవీ బిళ్ల (వోల్టేజి హఠాత్తుగా పెరిగితే బోర్డును కాపాడేది), డయోడ్లు, మాస్‌ఫెట్ అన్నీ షార్టు అయ్యాయేమో చూశాకే ముందుకు వెళ్లండి.

ఇవతలి, అవతలి భాగాల మధ్య వంతెనలా నీలిరంగు బిళ్ల ఒకటి కనిపిస్తుంది, అది వై రకం కెపాసిటరు. ప్లగ్గు దగ్గర డబ్బీలా ఉండేది ఎక్స్2 రకం. వీటి జోలికి ఊరికే వెళ్లవద్దు. మార్చాల్సి వస్తే అదే రకం, అదే భద్రతా గుర్తింపు ఉన్నవే వేయాలి. వై కెపాసిటరు స్థానంలో మామూలు సెరామిక్ బిళ్ల వేసి, అది షార్టు అయితే గోడ కరెంటు కేబుల్ పిన్ను దాకా వస్తుంది, టీవీ వెనుక చేయి పెట్టిన వారి ప్రాణం మీదికి వస్తుంది.

పాత టీవీలోంచి తీసిన బోర్డు గురించి అడిగారు. దాని మీదా ఇన్నే ఏళ్ల వయసున్న ఇవే కెపాసిటర్లు ఉంటాయి. మీ జబ్బును డబ్బిచ్చి ఇంకోసారి కొనుక్కున్నట్టు అవుతుంది. మీ బోర్డు మీద చిన్నదాన్ని, 12 వోల్టుల లైను మీది రెండింటినీ, ఆ లైనులోనే ఇంకా ఉంటే మిగతావాటినీ ఒకేసారి మార్చేయండి. ఇవతలి భాగంలో 1, 2.2, 4.7 మైక్రోఫారడ్ల చిన్నవి ఉంటే వాటినీ వదలవద్దు. ఒకసారి విప్పినప్పుడే అన్నీ వేయడం మంచిది, మళ్లీ మళ్లీ వేడి చేస్తే బోర్డుకే చేటు.

అన్నీ అతికాక నేరుగా గోడలో పెట్టవద్దు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో, అంటే టీవీకి వెళ్లే ఒక తీగ మధ్యలో, పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఈ రోజుల్లో ఫిలమెంట్ బల్బులు దుకాణాల్లో అరుదు, దొరికినప్పుడు ఒకటి రెండు కొని దాచుకోండి. ప్లగ్గు పెట్టగానే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే షార్టు లేదని అర్థం. వెలుగుతూనే ఉంటే వెంటనే ప్లగ్గు తీసి, ఖాళీ చేసి, కెపాసిటర్లు తిరగేసి పెట్టారేమో మళ్లీ చూడండి. సిరీస్ బల్బుతో టీవీని పూర్తిగా ఆడించాలని చూడవద్దు, కరెంటు చాలక అది మళ్లీ టిక్ టిక్‌మంటుంది, బాగైనదాన్ని పాడైందని పొరబడతారు. షార్టు లేదని తేలాక బల్బు తీసేసి నేరుగా పెట్టండి.

ఇప్పుడు 12 వోల్టుల పిన్ను దగ్గర మీటరు పెట్టండి. నల్ల తీగ అవతలి వైపు నేల మీద ఉండాలి, ప్లగ్గు వైపు నేల మీద కాదు. రెండూ వేరు, కలపకూడదు. టీవీ ఆడుతుండగా 11.8, 12.2 మధ్య కదలకుండా నిలబడితే పని పూర్తయినట్టే. మీటరును ఏసీ రేంజికి మార్చి అదే పిన్ను దగ్గర కొలవండి, వోల్టులో పదో వంతు కంటే ఎక్కువ చూపిస్తే అక్కడి కెపాసిటర్లు మంచివి కావు.

అంతా మార్చినా టిక్ టిక్ ఆగకపోతే ప్లగ్గు తీసి బోర్డు నుంచి టీవీకి వెళ్లే తీగల కట్టను విడదీయండి. ఒంటరిగా పెట్టినప్పుడు కొన్ని మోడళ్లలో 12 వోల్టులు నిలబడతాయి. అలా నిలబడితే లోపం మదర్‌బోర్డులోనో, తెర వెనుక ఎల్‌ఈడీ పట్టీల్లోనో ఉంది. ఒంటరిగా కూడా టిక్ టిక్‌మంటే అవతలి వైపు డయోడు షార్టు అయిందేమో చూడండి. ధ్వని వచ్చి బొమ్మ రాకపోతే ఇక కెపాసిటర్లను వదిలేసి బ్యాక్‌లైటు (ఆ ఎల్‌ఈడీ పట్టీల వెలుగు) చూడాలి. డ్రయ్యరు పరీక్షలో ఏం జరిగిందో, 12 వోల్టుల పిన్ను దగ్గర ఎంత వచ్చిందో, ఐసీ మీద రాసి ఉన్న నంబరు ఏమిటో నాకు రాయండి. ఆ మూడూ తెలిస్తే తర్వాత ఏ కాలు దగ్గర ఏం కొలవాలో చెబుతాను.